నామమున దోషమున్నదా?

శిశువునకు లోకమిచ్చు మొదటి వస్తువు పాలు, రెండవది పేరు. పాలు కొంతకాలమునకు మాన్పింతురు. పేరు మాత్రము కాటివరకు వెంటనుండి, ఆ పిమ్మటను తద్దినమునాడు కుమారుని నోట పలుకబడుచునే యుండును. దేహమును ఎన్నుకొననట్లే పేరును కూడ ఎవడును తాను ఎన్నుకొని పుట్టలేదు. ఎన్నుకొనని దానికై ఒకడు జన్మమంతయు నవ్వులపాలగుట న్యాయమా? ఆ పేరు వలన వానికి నిజముగా కీడు కలుగునా? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింతము.

ఇవి ఊరక పుట్టిన ప్రశ్నలు కావు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో పెంటయ్య, భిక్షపతి, బుచ్చమ్మ, కొమురయ్య, ఐలయ్య, యాకయ్య, సమ్మక్క అను పేర్లు గలవారు నేటికిని ఎందరో కలరు. ఊరిలో నున్నంతకాలము అవి అందరి పేర్లవంటి పేర్లే. చదువునకో కొలువునకో నగరము చేరిన తోడనే అవి వింతపేర్లగును. తరగతిలో హాజరు పిలుచునపుడు ప్రక్కవారు నవ్వుదురు. ఆ నవ్వునకు తాళలేక కొందరు పిల్లలు తలిదండ్రులు పెట్టిన పేరును దాచి మరియొకటి చెప్పుకొందురు. కొందరు పెద్దవారైన పిదప పత్రములలోనే మార్పించుకొందురు. మార్చుకొనుట తప్పా, మార్చకున్న అరిష్టమా అని పురోహితులను, పండితులను అడుగువారును కలరు. వారికి తొందరపడి ఔననుటయు కాదనుటయు తగదు. శాస్త్రమేమి చెప్పినదో, మన ప్రాంతపు ఆచారమేమి చెప్పుచున్నదో వరుసగా చూడవలెను.

శాస్త్రనియమము ఎవరికి?

తెలుగునాట వైదికులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబ సూత్రమును అనుసరించువారు. పదవదినమున తల్లి లేచి స్నానము చేసిన పిమ్మట తండ్రియు తల్లియు కలిసి బిడ్డకు పేరు పెట్టవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రమున కలదు. మగబిడ్డ పేరు రెండక్షరములదో నాలుగక్షరములదో కావలెను. ఘోషాక్షరముతో మొదలిడవలెను. నడుమ య ర ల వ లలో ఒకటి యుండవలెను. తుదిని దీర్ఘమో విసర్గమో రావలెను. ఆడుబిడ్డ పేరు బేసి అక్షరములది కావలెను. 'సు' చేరిన పేరు నిలుకడ గలదని మరియొక మాట. పతంజలి మహర్షియు మహాభాష్యారంభమున వ్యాకరణాధ్యయనమునకు ప్రయోజనములను చెప్పుచు, యాజ్ఞికుల ఈ నామకరణ నియమమును ఉదాహరించెను. పేరు కృదంతమై యుండవలెను, తద్ధితాంతము కారాదు. వ్యాకరణము తెలియనివానికి ఆ భేదమే తెలియదు గదా యని ఆయన భావము.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. ఈ నియమములన్నియు పేరు పెట్టువానికి చెప్పినవి. పెట్టించుకొన్న బిడ్డకు విధించినది ఒక్కటియు లేదు. పేరు లక్షణమునకు తప్పినచో ఆ బిడ్డ చెడునని ఆపస్తంబుడు చెప్పలేదు. ఈ కాలమున ఇంగ్లీషు స్పెల్లింగులోని అక్షరములను అంకెలుగా మార్చి కూడి, ఒక అక్షరమును అదనముగా చేర్చినచో ఐశ్వర్యము వచ్చునని చెప్పువారు బయలుదేరినారు. అట్టి లెక్క గృహ్యసూత్రములలో లేదు. ధనము వ్యయమగుట తప్ప అందు మనకు తెలిసిన ఫలము లేదు.

దాచరాని మాట యొకటి యున్నది. మనుస్మృతి రెండవ అధ్యాయమున బ్రాహ్మణుని పేరు మంగళకరముగను, క్షత్రియుని పేరు బలసూచకముగను, వైశ్యుని పేరు ధనసూచకముగను, శూద్రుని పేరు జుగుప్స గొలుపునదిగను ఉండవలెనని కలదు. మూడవ అధ్యాయమున నక్షత్రము, చెట్టు, నది, కొండ, పక్షి, పాము మొదలగువాని పేర్లు గల కన్యను పెండ్లాడరాదని కలదు. ఈ రెండవ మాటను శిష్టాచారమే ప్రక్కకు నెట్టినది. రోహిణి, రేవతి, గంగ, గోదావరి, తులసి అను ఇల్లాండ్రు మన వైదిక కుటుంబములలో ఎందరు లేరు? వారి పెండ్లిండ్లు ఆగలేదు, వారి సంసారములకు లోపము రాలేదు. మొదటి మాట ఇంతకంటె కఠినమైనది. పుట్టి పదిదినములైన కాని బిడ్డకు, ఏ తప్పును చేయకమునుపే, రోత పుట్టించు పేరు పెట్టుమనుట పేరిడుట కాదు, ముద్ర వేయుట. ఆ మాటను సమర్థించుటకు నేను పూనుకొనను. భక్తి మార్గము దానిని ఎన్నడో దాటిపోయినది. ఎట్లు దాటినదో ముందు చూతము.

వ్యాకరణము చెప్పు రహస్యము

లోకమున పదములు నాలుగు విధములుగా ప్రవర్తించునని పతంజలి చెప్పెను. ఆవు అనునది జాతిని తెలుపు పదము. తెలుపు అనునది గుణమును తెలుపునది. నడచువాడు అనునది క్రియను తెలుపునది. నాలుగవది యదృచ్ఛాశబ్దము, అనగా ఒకడు తన ఇచ్ఛకొలది ఒక వ్యక్తికి పెట్టిన పేరు. దీనికి వైయాకరణులు 'డిత్థుడు' అను ఉదాహరణమును ఇత్తురు. ఆ పదమునకు ధాతువు వెదకి అర్థము చెప్పబూనుట వ్యర్థము. పెట్టినవాని సంకల్పమే దాని అర్థము.

అవయవార్థము కంటె రూఢి బలవత్తరమన్నదియు శాస్త్రజ్ఞులు అంగీకరించిన మాటయే. విభీషణుడనగా మిక్కిలి భయము గొలుపువాడు. ఆ పేరు విని శ్రీరాముడు శరణాగతుని త్రోసిపుచ్చలేదు. దామోదరుడనగా పొట్టకు త్రాడు కట్టబడినవాడు. విరూపాక్షుడనగా వికృతమైన కన్నులు గలవాడు. లంబోదరుడు, వక్రతుండుడు, కపాలి అను నామములను అర్చనలో పుష్పములతో సహా సమర్పించుచున్నాము. అచ్చట మనకు నవ్వు రాదు. ఏలన, మన మనస్సు అక్షరముల మీద లేదు, స్వామి మీద ఉన్నది. దేవుని నామముల యెడ మనకున్న ఈ వివేకము తోటి మనుష్యుని నామము యెడ ఏల లోపించవలెను?

పెంటయ్య అనగా అర్థమేమి?

ఈ దృష్టితో మన పల్లెపేర్లను పరిశీలింపుడు. మునుపు పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోయిన ఇంట మరల కాన్పు వచ్చినపుడు, పుట్టిన బిడ్డను పెంటకుప్పపై పరుండబెట్టి, ఎవరిచేతనో ఎత్తించి, 'ఇది మా బిడ్డ కాదు, పెంటపై దొరికినది' అని చెప్పించి ఇంటికి తెచ్చుకొనుట ఆచారము. అట్టి బిడ్డలు పెంటయ్య, పెంటమ్మ. ఎంగిలి విస్తళ్లలో పొరలించి తీసికొన్న బిడ్డ పుల్లయ్య. బిడ్డ బ్రదికినచో భిక్షమెత్తి మ్రొక్కు చెల్లింతుమనుకొన్న ఇంట భిక్షపతి, భిక్షమయ్య, బిచ్చమ్మ పుట్టుదురు. మృత్యువునకు ఈ బిడ్డ విలువలేనిదిగా కనబడవలెను, దృష్టి దీనిపై పడకుండవలెను అన్నది వారి ఆశ. ఇది మన దేశమునందే కాదు. ఉత్తర చీనా పల్లెలలో బిడ్డకు 'కుక్క మిగిల్చినది' అను అర్థము గల ముద్దుపేరు పెట్టుటయు ఇట్టి భయమువలననే.

కావున పెంటయ్య అను యదృచ్ఛాశబ్దమునకు అర్థము చెత్త కాదు. 'నాయనా, నీవైనను బ్రదుకుము' అన్నదే దాని అర్థము. పొత్తిళ్లలోని బిడ్డలను మట్టికప్పగించిన తల్లి, తన మురిపెమునంతను మృత్యువు కంటబడకుండ కప్పిపెట్టిన గుడ్డ ఆ పేరు. దానిని విని నవ్వువాడు ఎవరి కన్నీటిని చూచి నవ్వుచున్నాడో ఎరుగడు. ఇక భిక్షపతి యన్నచో అది భిక్షాటనమూర్తియగు పరమశివుని స్మరణ కూడ నగును. వానిని వెక్కిరించువాడు శివుని చేతిలోని కపాలమునే వెక్కిరించుచున్నాడు.

ఊరి పేర్లు, వేలుపు పేర్లు

మరికొన్ని పేర్లు మ్రొక్కుల వలన వచ్చినవి. కొమురయ్య, కొమురమ్మ అనువారు కొమురవెల్లి మల్లన్న బిడ్డలు. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించునంతవరకు వరంగల్లు జిల్లాలో జనగామకు చేరువగా నుండిన ఆ క్షేత్రము ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో నున్నది. ఐలయ్య, ఐలమ్మ అనువారు ఐనవోలు మల్లన్నకు మ్రొక్కగా పుట్టినవారు. పల్లెజనులు ఆయనను ఐలోని మల్లన్న అందురు. వీరన్న, వీరయ్య, భద్రయ్య అను పేర్లు మహబూబాబాదు జిల్లాలోని కురవి వీరభద్రస్వామిని తలపించును. సమ్మయ్య, సమ్మక్క, సారయ్య, సారక్క అను పేర్లు మేడారము వనదేవతలవి. మేడారము కొంతకాలము భూపాలపల్లి జిల్లాలో నుండి, 2019లో ములుగు జిల్లాలో చేరినది. రెండేండ్లకొకమారు మాఘపూర్ణిమకు అచ్చట జాతర జరుగును. బెల్లమును బంగారమని పిలిచి సమర్పించు జాతర యది. పెట్టిన పేరును బట్టి బెల్లమే బంగారమగుచుండగా మనుష్యుని సంగతి చెప్పవలెనా?

యాకయ్య, యాకమ్మ, యాకూబురెడ్డి అను పేర్లు పరదేశమువారిని ఆశ్చర్యపరచును. హిందువునకు ఈ పేరెట్లు వచ్చినదని అడుగుదురు. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములోని అన్నారము గ్రామమున యాకూబు బాబా దర్గా కలదు. సంతానమునకై, ఆరోగ్యమునకై అచ్చట మ్రొక్కుకొను హిందూ కుటుంబములు ఈ ప్రాంతమున విస్తారముగా కలవు. ఆ మ్రొక్కుబడియే పేరైనది. ఇంట తులసికోటయు, ఒంట విభూతియు ఉండగా యాకయ్యగా పిలువబడుట ఆ కుటుంబమునకు ఇబ్బంది కాలేదు. ఇబ్బంది ప్రశ్నించువానికే.

భూపాలపల్లి జిల్లాలో గోదావరీ ప్రాణహితల సంగమమున వెలసిన కాళేశ్వరక్షేత్రము ఈ విషయమున మనకు గొప్ప పాఠము. అచ్చట ఒకే పానవట్టముపై రెండు లింగములున్నవి. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముని పేరిటి లింగము. రెండవది ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుని సేవించి జనులందరును ముక్తి పొందుచుండగా తనకు పనిలేకపోయెనని యముడు శివుని వేడుకొన్నాడనియు, అప్పుడు స్వామి వానికి తన ప్రక్కనే స్థానమిచ్చి మొదటి పూజ వానికే చెల్లునట్లు అనుగ్రహించెననియు స్థలపురాణము. లోకము పలుకుటకే భయపడు పేరు అచ్చట మొదట పూజలందుకొనుచున్నది. భయపెట్టు పేరును దాటి పోయినవానికే దాని ప్రక్కనున్న ముక్తి కనబడును.

పేరును పవిత్రము చేసినవారు

ఐతరేయ బ్రాహ్మణము ఏడవ పంచికలో అజీగర్తుడను బ్రాహ్మణుని కథ కలదు. అతనికి మువ్వురు కుమారులు: శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడు పేర్లును కుక్క అవయవములకు సంబంధించినవే. ఆకలికి తాళలేని ఆ తండ్రి నూరు గోవులకు నడిమి కుమారుని హరిశ్చంద్రుని యాగమునకు పశువుగా అమ్మెను. యూపమునకు కట్టుటకును, తుదకు ఖండించుటకును కూడ గోవులను పుచ్చుకొని తానే ముందుకు వచ్చెను. ఆ బాలుడు దేవతలను ఒక్కొక్కరినే స్తుతింపగా పాశములు సడలినవి. విశ్వామిత్రుడు అతనిని కుమారునిగా గ్రహించి దేవరాతుడు, అనగా దేవతలిచ్చినవాడు, అని పేరిడెను. తండ్రి మరల రమ్మనినను అతడు పోలేదు.

ఇందు రెండు ధర్మములున్నవి. బాలునికి కీడు చేసినది కుక్క పేరు కాదు, అమ్మిన తండ్రి. ఇది మొదటిది. క్రొత్త జీవితమునకు క్రొత్త పేరు పొందుట దోషము కాదు. ఇది రెండవది. ఐనను పాత పేరు చెరగిపోలేదు. ఋగ్వేదము మొదటి మండలమున ఆయన దర్శించిన సూక్తములకు ఋషిని స్మరించునపుడు నేటికిని శునఃశేపుని పేరే చెప్పి శిరస్సు వంతురు. వేదము పలుకు నాలుక ఆ పేరును నవ్వక పలుకుచున్నది.

శ్రీకృష్ణుని బాల్యమిత్రుని సంగతి చూడుడు. వ్యాసభాగవతమున ఆ బ్రాహ్మణునికి పేరే చెప్పబడలేదు. చినిగిన వస్త్రములు గలవాడని వర్ణింపబడెను. ఆ దారిద్ర్యమే కుచేలుడను పేరుగా స్థిరపడినది. స్వామి ఆ కుచేలుని తన పర్యంకముపై కూర్చుండబెట్టి పాదములు కడిగెను. నేడు కుచేలుడనగానే మనకు చినిగిన బట్ట తోపదు, స్నేహమే తోచును.

మనుస్మృతిలోని ఆ కఠినవాక్యమును భక్తి ఎట్లు దాటినదో తెలియుటకు జనగామ జిల్లాలోని పాలకుర్తికి పోవలెను. పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధిగన్నది ఆ గ్రామము. ఆయన బసవపురాణమున మాదార చెన్నయ్య, మడివాలు మాచయ్య మొదలగు భక్తులను కీర్తించెను. ఒకరి పేరిట చర్మకారుని వృత్తి, మరియొకరి పేరిట చాకలి వృత్తి ఉన్నది. లోకము తక్కువచూపు చూచిన ఆ పేర్లను సోమనాథుడు మార్చలేదు, కప్పిపుచ్చలేదు. ఉన్నవానిని ఉన్నట్లే నిలిపి వాని యెదుట మ్రొక్కెను.

పాలకుర్తికి చేరువనే బమ్మెర. అచ్చటి కేసన లక్కసానుల కుమారుని పేరు పోతన. గ్రామదేవతల తమ్ముడగు పోతరాజును తలపించు నాటుపేరు. నేడు ఒక బాలునికి పోతన్న యని పేరిడినచో తోటిపిల్లలు దున్నపోతు అని ఏడిపింతురు. కాని ఆంధ్రమహాభాగవతమును వ్రాసిన ఆ చేయి వలన ఆ పేరు తెలుగువారికి పూజాపుష్పమైనది. సంస్కృతనామము కాదే యని ఎవడును వెలితిపడడు.

ఆ పాలకుర్తిలోనే నిన్నమొన్నటి కాలమున చిట్యాల ఐలమ్మ యుండెను. 1940వ దశకమున తాను సాగుచేసిన పంటను విసునూరు దేశముఖు మనుషులు పట్టుకొనిపోవ వచ్చినపుడు ఆమె ఎదిరించి నిలిచెను. 1985 సెప్టెంబరు 10న కీర్తిశేషురాలయ్యెను. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడుదుమని 2024లో రాష్ట్రప్రభుత్వము ప్రకటించినది. ఐలమ్మ యను పేరు గల పల్లెపిల్ల తన పేరు చెప్పుటకు తలవంచుకొన నేల?

పిలుచువారి ధర్మము

ఇంతవరకు పేరు గలవాని సంగతి. దోషము నిజముగా ఎచ్చట నున్నదో ఇప్పుడు చెప్పవలెను.

నిజాము కాలపు గడీలలో కొమురయ్య కొమురిగాడు, ఐలయ్య ఐలిగాడు, మల్లయ్య మల్లిగాడు. పిలువబడువాడు వృద్ధుడైనను, పిలుచువాడు బాలుడైనను అంతే. పేరు మారలేదు, చివరనున్న రెండక్షరములు మాత్రము మారినవి. వ్యాకరణమున ప్రత్యయము మిక్కిలి చిన్నది. లోకమున ఆ ప్రత్యయమే మనుష్యుని స్థానమును నిర్ణయించెను. 'అయ్య' యన్నచో అరుగుమీద, 'గాడు' అన్నచో వాకిట. పేరు వలన కలుగు కీడు ఇదియే. ఇది పేరునుండి పుట్టినది కాదు, పలికిన నాలుకనుండి పుట్టినది.

అజామిళుని కథలో పాపియైన తండ్రి మరణకాలమున తన చిన్నకొడుకును 'నారాయణా' అని ప్రేమతో పిలిచెను. ఆ పిలుపే వానిని యమపాశమునుండి విడిపించెను. తెలుగు భాగవతమున ఈ షష్ఠస్కంధమును ఏర్చూరి సింగన రచించెను. బిడ్డలకు దేవుని పేర్లు పెట్టుటలో పెద్దల తాత్పర్యమిదియే. దినమునకు పదిమారులు బిడ్డను పిలిచినచో పదిమారులు నామస్మరణ యగును. కొమురయ్యా యని మన్ననతో పిలిచినవానికి మల్లన్న స్మరణము కలిగినది. కొమురిగా యని ఈసడించినవానికి ఏమి కలిగినదో వారే యోచించుకొనవలెను.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. హాజరు పిలుచునపుడు అన్ని పేర్లను ఒకే స్వరముతో, పూర్తిగా, స్పష్టముగా పలుకుడు. మీరు తడబడి చిరునవ్వు నవ్వినచో తరగతి యంతయు పగలబడి నవ్వును. ఒక పెంటమ్మ మరునాటినుండి బడి మానినను ఆశ్చర్యము లేదు. కచ్చేరీలలో వ్రాయువారికి మరియొక విన్నపము. కొమురయ్య, కొమరయ్య, కుమారయ్య మీకు ఒకటిగానే తోచవచ్చును. ఆధారు కార్డునందొక తీరుగను, పట్టాదారు పాసుపుస్తకమునందు మరియొక తీరుగను వ్రాసినచో ఒక వృద్ధుడు పింఛనుకై తిరిగి తిరిగి కాళ్లరుగగొట్టుకొనవలసి వచ్చును. తండాలలోని లంబాడీ పేర్లు మీ చెవికి క్రొత్తవైనచో మరల అడిగి వ్రాయుడు. మీకు తెలిసిన పేరుగా దిద్దకుడు.

తలిదండ్రులకు చెప్పవలసినది కొంచెమే. జనన మరణముల నమోదునకై 1969లో వచ్చిన చట్టము ప్రకారము బిడ్డకు పేరు నిశ్చయింపకున్నను జననమును వ్రాయించి, పేరును పిదప చేర్పించుకొనవచ్చును. కావున ఆసుపత్రిలో తొందరపడి తోచినది వ్రాయింప పనిలేదు. ఇంటిల్లిపాది పలుకగలిగిన పేరును, బిడ్డ పెద్దయైన పిదప 'ఇది నాకేల పెట్టితిరి' అని యడిగినచో మీరు సంతోషముతో బదులు చెప్పగలిగిన పేరును పెట్టుడు.

ఇక పేరు మార్చుకొనదలచిన యువకునికి సమాధానము. మార్చుకొనుట పాపము కాదు, శునఃశేపుడే ప్రమాణము. మార్చుకొనకున్న అరిష్టమును లేదు, పోతనయే ప్రమాణము. కాని మార్చుకొనుటకు ముందు ఒక్కమారు ఇంటికి పోయి, నీకా పేరు ఎట్లు వచ్చినదో తల్లినో నాయనమ్మనో అడిగి తెలిసికొనుము. ఏ కొండ మెట్లెక్కి మ్రొక్కినారో, ఏ బిడ్డలను పోగొట్టుకొన్న పిమ్మట నీవు దక్కితివో వారు చెప్పుదురు. అది విన్న పిమ్మటను మార్చుకొనవలెనని తోచినచో నిస్సంకోచముగా మార్చుకొనుము. సిగ్గువలన మాత్రము మార్చుకొనకుము. సిగ్గుపడవలసినది నీవు కావు, నిన్ను చూచి నవ్వినవారు.

సహస్రనామములు గల స్వామికి పెంటయ్య పిలుపును, పండితుని పిలుపును ఒక్కటే. ఆయన చెవికి వింతపేరనునది లేదు. ఆయన భక్తులమని చెప్పుకొను మన చెవులకును అట్టిది లేకుండుగాక.

స్వస్తి.